డర్బన్ సంబంధం, 1986 నాటి పెళ్లి సర్టిఫికెట్టు

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మా అమ్మాయి కొన్నేళ్లుగా జొహానెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తోంది. అక్కడ పరిచయమైన అబ్బాయిని పెళ్లి చేసుకుంటానంటోంది. అబ్బాయి చదువు, ఉద్యోగం, నడవడిక విషయంలో మాకు ఏ పేచీ లేదు. అతని అమ్మమ్మ డర్బన్‌లో పుట్టిన తెలుగావిడ. వాళ్ల పెద్దలు గోదావరి జిల్లా నుంచే చెరుకు తోటల పనికి వెళ్లారట. తాతగారు మాత్రం తెల్లాయన, రైల్వేలో పనిచేశారు. అమ్మమ్మ, తాతగార్ల పెళ్లి సర్టిఫికెట్టు మీద 1986 అని ఉంది. అబ్బాయి తల్లి పుట్టింది 1971లో. ఆవిడ జనన పత్రంలో తండ్రి పేరు లేదు, జాతి అన్నచోట ‘కలర్డ్’ అని రాసి ఉంది. పైగా తాతగారికి ఒకసారి కోర్టులో శిక్ష పడిందని అబ్బాయే చెప్పాడు. పెళ్లి కాకుండా పిల్లల్ని కన్న ఇల్లు, పోలీసు కేసులున్న ఇల్లు మనకెందుకని మా బావగారు అంటున్నారు. మావారు ఎటూ తేల్చుకోలేకపోతున్నారు. అమ్మాయి మాతో సరిగా మాట్లాడటం లేదు. వాళ్లను ఇంకా ఏ కాగితాలు అడగాలి, ఎలా అడగాలి?

సమాధానం: అమ్మా, మీరు కాగితాల గురించి అడిగారు కాబట్టి నేనూ కాగితంతోనే మొదలుపెడతాను. సర్టిఫికెట్టు మీదున్న 1986ను మీ బావగారు ఆ ఇద్దరూ దంపతులైన సంవత్సరంగా చదివారు. నిజానికి ఆ అంకె చెప్పేది ప్రభుత్వం సంగతి. 1949 జూలై 8 నుంచి 1985 జూన్ 19 వరకు, అంటే దాదాపు ముప్పై ఆరేళ్లపాటు, దక్షిణాఫ్రికాలో తెల్లజాతివారికీ తక్కిన జాతులవారికీ మధ్య పెళ్లి చట్టరీత్యా చెల్లేది కాదు. ఆ కాలంలో ఆ తెలుగావిడా ఆ రైల్వే ఉద్యోగీ ఏ రిజిస్ట్రారు కాళ్లు పట్టుకున్నా వాళ్లకు సర్టిఫికెట్టు పుట్టేది కాదు. నిషేధం ఎత్తివేసిన మరుసటి ఏడే వాళ్లు వెళ్లి నమోదు చేయించుకున్నారంటే, అవకాశం దొరకగానే చేయించుకున్నారనే అర్థం.

ఈ నిషేధం ఎలాంటిదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో జరుగుతున్న వాదన అంతా దాన్ని పక్కన పెట్టి జరుగుతోంది. 1948 మే ఎన్నికల్లో డి.ఎఫ్. మలాన్ నాయకత్వాన నేషనల్ పార్టీ గెలిచింది. జాతులను విడదీసి పాలించే అపార్థైడ్ విధానం కింద ఆ ప్రభుత్వం చేసిన మొదటి పెద్ద చట్టమే 1949 నాటి మిశ్రమ వివాహాల నిషేధ చట్టం. ఎవరు ఏ జాతో అధికారికంగా నమోదు చేసే జనాభా నమోదు చట్టం, ఎవరు ఏ పేటలో ఉండాలో చెప్పే గ్రూప్ ఏరియాస్ చట్టం ఆ తరువాత 1950లో వచ్చాయి. ఈ వరుసను గమనించండి. ఎవరిని ఏ జాతిగా రాసుకోవాలో ఇంకా తేల్చుకోకముందే, ఎవరు ఎవరిని పెళ్లి చేసుకోకూడదో తేల్చేశారు. అందువల్ల తొలి రోజుల్లో పెళ్లి జరిపించే అధికారి ఎదురుగా నిలబడ్డ జంట రూపురేఖలు చూసి, నలుగురూ వాళ్లను ఏమనుకుంటున్నారో విచారించి నిర్ణయించాల్సి వచ్చేది. తెలిసి అలాంటి పెళ్లి జరిపిస్తే ఆ అధికారికి యాభై పౌండ్ల దాకా జరిమానా. అక్కడ స్థిరనివాసమున్న మగవాడు బయటి దేశానికి వెళ్లి చేసుకొచ్చినా ఆ పెళ్లి చెల్లదని అదే చట్టంలో రాశారు. 1968లో ఆ సందును మరింత బిగించారు.

సరే, పెళ్లి లేకుండానే కలిసి ఉందామన్నా కుదరదు. తెల్లవారికీ ఆఫ్రికన్లకూ మధ్య వివాహేతర శారీరక సంబంధాన్ని 1927లోనే నేరం చేశారు. ఆ నిషేధాన్ని 1950లో భారతీయులతో సహా తెల్లవారు కాని వారందరికీ వర్తింపజేశారు. 1957 చట్టంలోని పదహారో సెక్షన్ కింద శిక్ష ఏడేళ్ల దాకా పెరిగింది. పెళ్లి చేసుకోవడానికి వీల్లేదని ఒక చట్టం, పెళ్లి కాకుండా కలిసి ఉంటే జైలని ఇంకొక చట్టం. ఈ రెండింటి మధ్య చిక్కుకున్న మనుషులను పెళ్లెందుకు చేసుకోలేదని ఇవాళ అడుగుతున్నాం.

ఇంత కట్టడి అవసరమయ్యేటన్ని పెళ్లిళ్లు అక్కడ జరిగేవా అంటే, లేదు. చట్టం రావడానికి ముందు 1940లలో అలాంటి పెళ్లిళ్లు దేశమంతటా కలిపి ఏడాదికి నూరు లోపే. అయినా 1938 ఎన్నికల నాటికే మిశ్రమ వివాహాల భయం గోడల మీద పోస్టరుగా ఎక్కింది. దానికి కారణం సంఖ్యలో లేదు. ఓటు, భూమి, మంచి ఉద్యోగం, మంచి బడి ఇవన్నీ తెల్లజాతికే అని రాసుకున్న దేశంలో, తెల్ల తండ్రికీ భారతీయ తల్లికీ సక్రమంగా పుట్టిన బిడ్డ ఆ ఆస్తికీ ఆ ఓటుకూ వారసురాలవుతుంది. అలాంటి వారసులు పది మంది పుట్టినా గీత చెరిగిపోతుంది. అందుకే అక్కడ ఒక కుర్రవాడు ఒక అమ్మాయితో బస్టాపులో మాట్లాడటం కూడా ప్రభుత్వానికి సంబంధించిన విషయమైంది. పక్క దేశాల వారి పెళ్లిళ్లను సైతం ఆ ప్రభుత్వం వదల్లేదు. ఇప్పటి బోట్స్వానా అప్పట్లో బ్రిటిష్ రక్షణలో ఉన్న బెచువానాలాండ్. అక్కడి బామంగ్వాటో తెగ గద్దెకు వారసుడైన సెరెట్సే ఖామా 1948 సెప్టెంబరులో లండన్‌లో రూత్ విలియమ్స్ అనే ఆంగ్లేయురాలిని పెళ్లాడితే, తెగ పెద్దలు చివరికి ఒప్పుకున్నా దక్షిణాఫ్రికా ఒప్పుకోలేదు. దాని మనసు నొప్పించలేక బ్రిటన్ 1950లో ఆయనను సొంత గడ్డకు దూరం చేసి, 1956 దాకా తిరిగి అడుగుపెట్టనివ్వలేదు. అదే మనిషి 1966లో స్వతంత్ర బోట్స్వానాకు మొదటి అధ్యక్షుడయ్యాడు. రాజవంశీకుడికే ఆ గతి పడితే, రైల్వే ఉద్యోగి మాట చెప్పేదేముంది.

ఇక మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్న జనన పత్రం దగ్గరికి వస్తాను. తండ్రి పేరు ఉండాల్సిన చోట ఖాళీ చూసి మీ బావగారు ఒక ఊహ చేశారు. ఆ ఖాళీని 1971లో నిలబడి చూడండి. పెళ్లి చెల్లదు కాబట్టి చట్టం దృష్టిలో ఆ బిడ్డ అక్రమ సంతానం. తండ్రి తనంతట తాను వెళ్లి ఈ బిడ్డ నాదేనని రిజిస్టరులో రాయించుకుంటే, పదహారో సెక్షన్ కింద తన నేరాన్ని తానే ప్రభుత్వ పుస్తకంలో సంతకం పెట్టి ఒప్పుకున్నట్టవుతుంది. ఆయన ఉద్యోగమూ ప్రభుత్వ రైల్వేలోనే. ఆ సంతకంతో తనతోపాటు బిడ్డ తల్లి కూడా బోనెక్కాల్సి వచ్చేది. ఆ చట్టం ఇద్దరినీ శిక్షించేది. తండ్రి లేకపోవడం వల్ల మాత్రమే కాదు, తండ్రి ఇంట్లోనే ఉండటం వల్ల కూడా ఆ గడి ఖాళీగా ఉండిపోయిన కుటుంబాలు ఆ దేశంలో ఉన్నాయి.

జాతి గడిలోని మాట కూడా అంతే. 1959లో వెలువడిన ప్రకటన ప్రకారం కలర్డ్, అంటే తెల్లవారిలోనూ ఆఫ్రికన్లలోనూ చేర్చని వారి పెద్ద వర్గం కింద కేప్ కలర్డ్, కేప్ మలయ్, గ్రిక్వా, చైనీస్, ఇండియన్, ఇతర ఆసియా వారు, ఇతర కలర్డ్ అని ఏడు ఉపవర్గాలు ఉండేవి. చట్టం లెక్కల్లో డర్బన్‌లోని మన నాయుళ్లూ రెడ్లూ కూడా మొదట ఆ పెద్ద గంపలోని వారే. తెల్ల తండ్రికీ భారతీయ తల్లికీ పుట్టిన పాపను ఏ గడిలో వేయాలో గుమాస్తా నిర్ణయించేవాడు. అభ్యంతరముంటే వర్గీకరణ బోర్డు ముందుకు వెళ్లాలి. అక్కడ జుట్టులో పెన్సిల్ గుచ్చి అది జారిపడుతుందా, ఇరుక్కుంటుందా అని చూసిన సందర్భాలు ఉన్నాయి. మీ కాబోయే వియ్యపురాలి పత్రంలో ఉన్నది ఆవిడ కుల గోత్రాల వివరం అనుకోకండి. ఒక ఆఫీసు బల్ల మీద ఒక పూట తేల్చేసిన వ్యవహారం అది.

ఆ ఒక్క మాట ఆ కుటుంబానికి ఎంత ఖరీదైందో డర్బన్ పటం చూస్తే తెలుస్తుంది. గ్రూప్ ఏరియాస్ చట్టం కింద భారతీయులను 1960లలో నగర శివార్లలోని చాట్స్‌వర్త్‌కు తరలించారు. కలర్డ్ వర్గానికి వెంట్‌వర్త్ లాంటి పేటలు కేటాయించారు. దాని పక్కనే సముద్రం వైపున్న బ్లఫ్ తెల్లవారిది. ఈ లెక్కన తల్లి చాట్స్‌వర్త్‌లోనూ, కూతురు వెంట్‌వర్త్‌లోనూ, తండ్రి బ్లఫ్‌లోనూ ఉంటే తప్ప ముగ్గురూ చట్టబద్ధంగా బతుకుతున్నట్టు కాదు. బడులు కూడా వేర్వేరు: కలర్డ్ పిల్లల చదువుకు 1963లో ఒక చట్టం, భారతీయ పిల్లల చదువుకు 1965లో ఇంకొక చట్టం చేసి వేర్వేరు శాఖలకు అప్పగించారు. తెల్లవారి పేటలో తక్కిన జాతుల మనిషి రాత్రి నిద్రపోవాలంటే పనిమనిషిగా ఉండటమొక్కటే సులువైన దారి. కట్టుకున్న భార్యను పనిమనిషిగా చెప్పుకుని కాపురం చేసిన ఇళ్లున్నాయి. ఎవరో ఇరుగుపొరుగు వారు ఫిర్యాదు చేస్తే పోలీసులు తెల్లవారుజామున తలుపు తట్టేవారు. మంచం మీద దుప్పటి చేత్తో తాకి వెచ్చగా ఉందా అని చూసేవారు, రెండో దిండు మీద తల గుంట ఉందా అని చూసేవారు, దుప్పట్లు సాక్ష్యంగా పట్టుకెళ్లేవారు. ఇలా వేలమంది కోర్టుల పాలయ్యారు.

తాతగారికి పడిన శిక్ష ఏ సెక్షన్ కిందో మీరు రాయలేదు. పదహారో సెక్షన్ అయ్యుంటుందని నా అంచనా, కానీ అంచనాతో ఊరుకోకుండా అబ్బాయిని నేరుగా అడగండి. తనంతట తానే చెప్పిన విషయం కాబట్టి అతను దాచడు. దొంగతనమో మోసమో అయితే అది వేరే మాట, అప్పుడు మీ అనుమానాలు మీవి. పదహారో సెక్షన్ అయితే మాత్రం, ఆ దేశ పార్లమెంటే 2008లో ఒక చట్టం చేసి జాతి ఆధారంగా వేసిన అలాంటి శిక్షలను నేరాల రికార్డు నుంచి చెరిపివేయాలని ఆదేశించింది. వేసిన రాజ్యమే తుడిచేసుకున్న శిక్షను ఏడువేల పైచిలుకు కిలోమీటర్ల దూరంలో ఉన్న మన ఇళ్లలో మళ్లీ అమలు చేయనక్కర్లేదు. ఆ పదహారో సెక్షన్ బతికున్న రోజుల్లోనే అది తన బరువుకు తానే కూలిన సందర్భం ఒకటుంది. ఫ్రీ స్టేట్ రాష్ట్రంలోని ఎక్సెల్సియర్ అనే చిన్న ఊళ్లో కొందరు తెల్ల పెద్దమనుషులనూ ఆఫ్రికన్ స్త్రీలనూ 1970 చివర్లో ఈ సెక్షన్ కింద పట్టుకున్నారు. తెల్ల నిందితుల్లో ఒకాయన ఆత్మహత్య చేసుకున్నాడు. పరువుపోయే విచారణ ముంచుకొచ్చేసరికి 1971 జనవరిలో ప్రభుత్వమే కేసు వెనక్కి తీసుకుంది. తెల్లవారి శీలాన్ని కాపాడటానికి పుట్టిన చట్టం తెల్ల పెద్దల గుట్టునే బజారున పెట్టింది మరి.

సర్టిఫికెట్టు లేని పెళ్లి పెళ్లే కాదన్న మాటకు ఆ దేశంలో ఇంకా పాత చరిత్ర ఉంది. అది మీ బావగారికి తప్పక వినిపించండి. 1860 నుంచి 1911 వరకు ఒప్పంద కూలీలుగా, డర్బన్ ఉన్న నటాల్ ప్రాంతానికి చేరిన భారతీయులు 1,52,184 మంది. వారిలో ఎక్కువ భాగం మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కినవారు, అందులో గోదావరి, విశాఖపట్నం వైపు తెలుగువారూ ఉన్నారు. వాళ్లంతా చేసుకున్నవి పందిట్లో పెళ్లిళ్లు. 1913 మార్చి 14న కేప్ సుప్రీంకోర్టులో జస్టిస్ సెర్ల్ ఒక తీర్పు ఇచ్చాడు. భర్త దగ్గరికి ఇండియా నుంచి వచ్చిన బాయి మరియం అనే ముస్లిం స్త్రీని దేశంలోకి రానివ్వని కేసు అది. క్రైస్తవ పద్ధతిలో జరగని, రిజిస్ట్రారు దగ్గర నమోదు కాని పెళ్లిళ్లను గుర్తించలేమన్నది ఆ తీర్పు సారాంశం. ఒక్క పూటలో ఆ దేశంలోని హిందూ, ముస్లిం, పార్సీ ఇల్లాళ్లందరూ చట్టం ముందు ఇల్లాళ్లు కాకుండా పోయారు. పిల్లలు వారసులు కాకుండా పోయారు. మీ బావగారి కొలత ప్రకారం ఆ రోజు కస్తూర్బా కూడా గాంధీకి భార్య కాదు. ఆవిడ అది విని ఊరుకోలేదు. ఆ సెప్టెంబరులో అనుమతి లేకుండా పక్కనున్న ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటి అరెస్టయి, మూడు నెలల కఠిన శిక్ష అనుభవించింది. తమిళ, తెలుగు కార్మికులు గనుల్లో, తోటల్లో సమ్మె కట్టారు. ఒప్పందం తీరిన కూలీల మీద వేసిన మూడు పౌండ్ల పన్ను ఎంత ముఖ్యమో పెళ్లి మాట కూడా అంత ముఖ్యమై ఆ సత్యాగ్రహం నడిచింది. ఫలితంగా 1914 జూలైలో వచ్చిన చట్టం ఒక్క భార్య ఉన్న భారతీయ వివాహాలను గుర్తించి, మన పురోహితులను కూడా పెళ్లి అధికారులుగా నియమించే వీలు కల్పించింది. ఈ కథ తెలిసిన తెలుగు కుటుంబంలో పుట్టిన ఆ అమ్మమ్మగారు మళ్లీ ఇంకొక చట్టం చేతిలో అదే మాట పడ్డారు.

మీది రాజమహేంద్రవరం కాబట్టి ఒక మాట గుర్తు చేస్తాను. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం గారు మీ ఊళ్లోనే మొదటి వితంతు వివాహం జరిపించారు. అప్పటికి పాతికేళ్ల ముందే, 1856లోనే, చట్టం దాన్ని అనుమతించింది. ఊరే ఒప్పుకోలేదు. పెళ్లికి పోలీసు బందోబస్తు పెట్టాల్సి వచ్చింది. డర్బన్‌లో ఇందుకు తలకిందులుగా, పోలీసులు వచ్చింది తలుపు పగలగొట్టడానికి. చట్టం, సమాజం రెండూ ఒకే సమయంలో ఒకే వైపు ఉంటాయన్న నమ్మకంతో పాత పెళ్లిళ్లకు తీర్పు చెప్పడం కష్టం. అన్నట్టు, మీ బావగారి తల్లిదండ్రుల పెళ్లికి సర్టిఫికెట్టు ఉందేమో కనుక్కోండి. మన రాష్ట్రంలో పెళ్లిళ్ల నమోదు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చిందే 2002లో. అంతకు ముందు మన ఇళ్లలో జరిగిన చాలా పెళ్లిళ్లకు పురోహితుడూ, పందిట్లో కూర్చున్న బంధువులూ, గోడ మీది ఫొటో తప్ప మరో సాక్ష్యం లేదు. వాటిని ఎవరూ శంకించలేదు, ఎందుకంటే శంకించాలని ఏ ప్రభుత్వానికీ అవసరం పడలేదు.

ఇంత చెప్పాక ఇంకొక వైపు కూడా చెప్పకపోతే నిజాయితీ కాదు. ఆ కాలంలో జాతులు దాటిన ప్రతి సంబంధమూ ప్రేమకథ కాదు. ఆ చట్టాలు మగవాడికి, ముఖ్యంగా తెల్ల మగవాడికి, వదిలించుకుపోవడానికి ఎంతో సదుపాయం కల్పించాయి. భార్య కాని మనిషికి మనోవర్తి ఇవ్వనక్కర్లేదు, ఆస్తి పంచనక్కర్లేదు, బిడ్డను ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పుకుంటేనే ప్రమాదం, పారిపోతే క్షేమం. చాలామంది క్షేమాన్నే ఎంచుకున్నారు. ఆ స్త్రీలు ఒంటరిగా పిల్లల్ని పెంచారు. మీ బావగారు భయపడే కథ నిజంగా జరిగిన ఇళ్లు ఉన్నాయి. అయితే అలాంటి ఇంట్లో 1986 నాటి సర్టిఫికెట్టు ఉండదు. 1971లో బిడ్డ పుట్టింది, ఒకసారి శిక్ష పడింది, ఉద్యోగం పోయే భయం నెత్తిన వేలాడింది, వెళ్లిపొమ్మని చట్టమే తలుపు తెరిచి పట్టుకుంది. అయినా ఆ మనిషి వెళ్లలేదు. పదిహేనేళ్ల కూతురున్న వయసులో, కొత్తగా ఏ సుఖమూ కలిసిరాని సంతకం కోసం రిజిస్ట్రారు ఆఫీసులో వరుసలో నిలబడ్డాడు. 1985లో పెళ్లి నిషేధం పోయింది గానీ గ్రూప్ ఏరియాస్ చట్టం, జనాభా నమోదు చట్టం 1991 దాకా ఉన్నాయి. అంటే పెళ్లి చేసుకోవచ్చు, ఎక్కడ కాపురముండాలో మాత్రం ఇంకా తేలలేదు. అలాంటి సమయంలో కూడా నమోదు చేయించుకున్నారు. సంబంధాలు చూసేటప్పుడు మనం కుటుంబంలో నిలకడ ఉందా అని వాకబు చేస్తాం కదా. ఆ ఇంటి నిలకడకు మీకు ఇంతకు మించిన దాఖలా ఇంకేం కావాలో నాకు తోచడం లేదు.

కాబట్టి వాళ్లను పాత కాగితాలు ఇంకేమీ అడగవద్దని నా సలహా. 1971కి ముందు నాటి పెళ్లి రుజువు అడిగితే, లేని దాన్ని తెమ్మన్నట్టవుతుంది. అది ఎందుకు లేదో వాళ్లకు తెలుసు, మీకు తెలియదని మాత్రం వాళ్లకు అప్పుడే తెలుస్తుంది. తాతగారు ఉన్నారో లేరో మీరు రాయలేదు. అమ్మమ్మగారు ఉంటే ఆవిడతో మాట్లాడండి, అదీ అబ్బాయి ద్వారా అడిగించి, ఆవిడకు ఇష్టమైతేనే. పెళ్లెప్పుడు అయిందని మొదలుపెట్టకండి. మీ పెద్దలు గోదావరి జిల్లాలో ఏ ఊరి వారండీ అని మొదలుపెట్టండి. డర్బన్‌లోని పాత కుటుంబాలు చాలావాటిలో తాతల కలోనియల్ నంబరు, అంటే వలస ప్రభుత్వం ఒక్కో కూలీకి ఇచ్చిన నంబరు, భద్రంగా దాచుకుంటారు. ఓడల జాబితాలో ఆ నంబరు ఎదుట కూలీ పేరు, తండ్రి పేరు, జిల్లా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చ దాకా రాసి ఉంటాయి. ఆవిడకు తెలుగు మాట్లాడటం రాకపోవచ్చు. ఆ తరానికి ఇంటి భాష ఇంగ్లీషైపోయింది. అక్కడి ఆంధ్ర మహాసభ 1931 నుంచి తెలుగును నిలబెట్టడానికి తంటాలు పడుతూనే ఉంది. మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి, ఆ వంకన ఆ పిల్ల మీతో మాట్లాడినట్టూ ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఆవిడ పుట్టింటివారు ఆవిడను ఎలా చూశారో మనకు తెలియదు. నటాల్ తెలుగువారిలోనూ, తమిళుల్లోనూ కులం పట్టింపు, వర్ణం పట్టింపు తక్కువేమీ కాదు. తెల్లవాళ్ల చట్టం ఒక పక్క తరుముతుంటే సొంతవాళ్లు తలుపు వేసుకున్న ఇళ్లు ఉన్నాయి. ఆవిడకు అలాంటి అనుభవం ఉండి ఉంటే, గోదావరి జిల్లా నుంచి ఇన్నేళ్లకు వచ్చిన మొదటి పలకరింపు మళ్లీ పత్రాల గురించే అయితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆవిడ తనంతట తాను చెప్పినదాన్ని వినండి. చెప్పనిదాన్ని తవ్వకండి. అలాగే వియ్యపురాలితో ఆవిడ జనన పత్రం ప్రస్తావన తేవద్దు. అది మీ చేతికి వచ్చిందని ఆవిడకు తెలుసో తెలియదో కూడా మీ అమ్మాయిని ముందు అడగండి.

మీ బావగారితో మీరు వాదించనక్కర్లేదు. ఈ మాటలు మీవారు చెప్పాలి, తమ్ముడిగా ఆయన చెబితేనే నప్పుతుంది. మీవారు తేల్చుకోలేకపోవడానికి కారణం అన్నగారి మాట కాదనలేకపోవడమే అయితే, ఆ సంగతి సర్టిఫికెట్టు వెనుక దాచకుండా అమ్మాయికి సూటిగా చెప్పడం మేలు. మీరు అబ్బాయి తాతల శీలం మీద అనుమానపడుతున్నారని ఆ పిల్ల అనుకుంటోంది. మీ ఇంట్లో పెద్దాయనకు ఎలా నచ్చజెప్పాలో తెలియక సతమతమవుతున్నారని తెలిస్తే ఆ కోపం సగమైనా తగ్గుతుంది.

ఇక మీరు నిజంగా పట్టించుకోవాల్సిన కాగితాలు కొన్ని ఉన్నాయి. అవి మీ అమ్మాయివి. దక్షిణాఫ్రికాలో ఇవాళ్టికీ మన పద్ధతిలో తాళి కట్టించుకున్నంత మాత్రాన ప్రభుత్వం దృష్టిలో పెళ్లి నమోదైనట్టు కాదు. జరిపించే పురోహితుడు పెళ్లి అధికారిగా నియమితుడై ఉండాలి, పెళ్లి హోం అఫైర్స్ శాఖలో నమోదు కావాలి. నమోదు కాని హిందూ పెళ్లితో భర్త చనిపోయాక వారసత్వం కోసం డర్బన్ హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చిన వితంతువు ఉన్నారు. కోర్టు ఆవిడ పక్షాన తీర్పిచ్చింది, కానీ ఆ అవస్థ మీ అమ్మాయికెందుకు. ఆమె విదేశీయురాలు కాబట్టి అవివాహితనని ధ్రువపత్రం అడుగుతారు, ఇది వీసా కోసం చేసుకుంటున్న పెళ్లా కాదా అని అధికారులు ఇద్దరినీ విడివిడిగా ప్రశ్నిస్తారు. ఎవరు ఎవరిని ఎందుకు పెళ్లాడుతున్నారన్న ప్రశ్నను ప్రభుత్వాలు ఇంకా పూర్తిగా వదల్లేదు. ఈసారి అడిగేది పాస్‌పోర్టు గురించి.

పెళ్లి రాజమహేంద్రవరంలోనే చేయాలనుకుంటే, అబ్బాయి హిందువు కాని పక్షంలో 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేయాలి. ఇద్దరిలో ఒకరు నోటీసుకు ముందు కనీసం ముప్పై రోజులు ఆ జిల్లాలో నివాసముండాలి, నోటీసు ఇచ్చాక మరో ముప్పై రోజులు ఆగాలి. అమ్మాయికి అంత సెలవు దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి. అన్నిటికంటే ముఖ్యమైనది ఆస్తి ఒప్పందం. దక్షిణాఫ్రికా చట్టం ప్రకారం పెళ్లికి ముందు నోటరీ దగ్గర వేరే ఒప్పందం రాసుకోకపోతే భార్యాభర్తల ఆస్తులూ అప్పులూ రెండూ ఉమ్మడి అయిపోతాయి. వరుడి స్థిరనివాసం అక్కడే అయితే, పెళ్లి ఇండియాలో జరిగినా ఇదే వర్తించే అవకాశం ఉంది. ఒప్పందం వద్దనుకుంటే అది వాళ్లిష్టం, తెలిసి వద్దనుకోవాలి అంతే. జొహానెస్‌బర్గ్‌లో ఒక నోటరీ దగ్గర ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించండి, ముహూర్తం పెట్టించేలోపే.